షేడుకార్డు గారి రెండు నీలాలు

దారాల కొట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషికి కాళ్ళు పోవాలి గాని కళ్ళు పోవడమేమిటి? ఆయన భార్య ఇప్పటికీ ఈ మాటే అంటుంది. ఎవరిని అడుగుతోందో, ఎవరు జవాబు చెప్పాలో ఆవిడకూ తెలీదు. కడుపు మండినప్పుడల్లా అంటుంది, అనేసి మళ్ళీ పనిలో పడుతుంది.

ఆయన అసలు పేరు రేషను కాగితాల మీదే ఉండేది గాని జనం నోళ్ళలో లేదు. దర్జీలందరికీ ఆయన "షేడుకార్డు". దారాల కంపెనీవాళ్ళు తమ దగ్గరున్న రంగులన్నిటినీ చిన్న చిన్న కుచ్చులుగా ఒక అట్టకు అంటించి, ఒక్కోదాని కింద ఒక్కో నంబరు వేసి కొట్లకు ఇస్తారు. ఆ అట్టే షేడుకార్డు. అందులో నాలుగు వందల పైచిలుకు రంగులుంటాయి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అట్ట పక్కన బట్టముక్క పెట్టుకుని, కళ్ళు చికిలించి, అటు తిప్పి ఇటు తిప్పి వెతుక్కుంటారు. ఈయనకు ఆ బాధ లేదు. దర్జీ జేబులోంచి ముక్క పూర్తిగా తీయకముందే "నూట పన్నెండు, రెండో అర, ఎడం పక్క" అనేసేవారు. వెళ్ళి చూస్తే అదే. ముక్కనీ దారాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఎక్కడ మొదలైందో దర్జీకి కూడా దొరికేది కాదు.

పెళ్ళైన కొత్తలో ఆవిడ ముచ్చటపడి రెండు తెల్ల దిండు గలీబులు కొనుక్కొచ్చింది. ఆయన వాటిని ఒకసారి చూసి, "ఇవి రెండూ ఒక తెలుపు కాదే" అన్నారు.

"తెలుపులో కూడా తెలుపులుంటాయా?" అని ఆవిడ నోరు తెరిచింది.

"పదకొండున్నాయి."

"అయితే కళ్ళు మూసుకుని పడుకోండి, అన్నీ ఒకటే అవుతాయి" అంది ఆవిడ. ఆయన పడీ పడీ నవ్వారు. ఆ గలీబుల్ని మాత్రం మర్నాడే మార్చుకొచ్చారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఏం చేస్తాం!

అలాంటి మనిషి కోట్లు కుట్టే ఒక దర్జీకి తప్పు దారం ఇచ్చారు. నల్ల కోటుకు కాజాలు కుట్టుకోవడానికి నల్ల దారం అడిగితే ముదురు నీలం ఇచ్చారు. దర్జీ దీపం వెలుగులో కుట్టుకుంటూ పోయి, పొద్దున ఎండలో చూసి ఘొల్లుమన్నాడు. కోటు తెచ్చి బల్ల మీద పరిచి, "షేడుకార్డూ, ఇది నువ్విచ్చిందేనా?" అని మాత్రం అడిగాడు. ఆయన కోటును వీధి గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఎండలో పెట్టి చూశారు. కాజాలు నల్లగానే ఉన్నాయి. ఆయన కళ్ళకు నల్లగానే ఉన్నాయి.

కంటి డాక్టరు దీపాలు వేసి చూసింది, చుక్కలు వేసి చూసింది, రంగు రంగుల బిళ్ళలు ఇచ్చి వరసలో పేర్చమంది. ఆయన పేర్చిన వరస చూసి బిళ్ళలు డబ్బాలో వేసేసింది. కంటి వెనక నరం ఎండిపోతోందట. దానికి మందు లేదట, ఆపరేషనూ లేదట. ముందు రంగులు పోతాయి. అవీ ఒక్కసారిగా పోవు, ఒక్కో ఛాయ రాలిపోతుంది, అందులోనూ నీలాలు ముందు. ఆ తర్వాత చూపే మసకబారుతుంది.

"ఎన్నాళ్ళండీ?" అని అడిగింది ఆవిడే.

"ఏడాది అనుకోండి. తక్కువే కావచ్చు. ఈలోపు చూడాల్సినవి చూసేయమనండి" అంది డాక్టరు. మంచి మనసుతోనే అంది గాని, ఆ మాట ఆవిడకు చెంప మీద కొట్టినట్టుంది. చూడాల్సినవంటే ఏమిటి? దారాల కొట్టు, ఇల్లు, మధ్యలో బస్సు. ఈయన చూసిందంతా అదే కదా!

మళ్ళీ రావాల్సిన తేదీ చీటీ కోసం బయట హాల్లో కూర్చున్నప్పుడు ఆయన అక్కడున్న చేపల తొట్టికి అతుక్కుపోయారు. నాలుగడుగుల అద్దం తొట్టి, లోపల రాళ్ళ గుట్ట, రాళ్ళ సందుల్లోంచి నీలం, పసుపు, ఇటికరంగు చేపలు వచ్చిపోతున్నాయి. పిలిచినా వినిపించుకోలేదు. చీటీలు రాసే గుమాస్తా నవ్వి, "ఆఫ్రికా చేపలండి. సిక్లిడ్లంటారు. అక్కడ పెద్ద సరస్సుల్లో రాళ్ళ మధ్య ఉంటాయట" అన్నాడు.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విడవకుండా ఆయన అన్న మొదటి మాట, "ఏమే, మనమూ ఒక తొట్టి పెట్టుకుందామా?"

ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఊరుకునేది కాదు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిన ఇంట్లో చేపలకు మేడ కడతారా అని కడిగేసేది. ఆరోజు మాత్రం, "పెట్టుకుందామండీ" అంది.

చేపల షాపు నడిపేది ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ తడే, నోరు మాత్రం పొడారనివ్వదు. ఈయన తిన్నగా వెళ్ళి, నచ్చిన రంగుకల్లా వేలు చూపిస్తుంటే షాపావిడ వల పక్కన పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

"రంగు చూసి కొనేవాళ్ళు నెల తిరక్కుండా ఖాళీ తొట్టితో వస్తారు మాస్టారూ. ఇవి చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయి గాని గుణం రౌడీలది. ముందు ఎవరికి ఎవరితో పడుతుందో చూసుకోవాలి. ఈ వైపు తొట్లలోవి రాళ్ళ మీది పాచి గీక్కు తినేవి, వీటికి ముక్కు మీదే కోపం. ఆ వైపువి పీకాకులు, నెమలి చేపలన్నమాట, కాస్త మెతక. ఇవీ అవీ కలిపారంటే పీకాకుల తోకలు మిగలవు. ఈ నిమ్మపండు రంగువి ఒక్కటే రాళ్ళవాటిలో బుద్ధిమంతులు, వీటిని పీకాకులతో వెయ్యొచ్చు."

"సరే, అయితే ఈ నీలం పీకాకులు రెండు..."

"రెండా! ఒక రంగు మగది ఒక్కటే ఉండాలి. అదే రంగులో ఇంకోటి కనిపించిందా, నా చోటుకి పోటీ వచ్చాడని చచ్చేదాకా తరుముతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు మాస్టారూ."

ఆయన తెల్లబోయి చూశారు. "ముప్ఫై ఏళ్ళు రంగుకి రంగు కలిపి తిండి తిన్నవాణ్ణి నేను. ఇక్కడ రంగు కలిస్తే చంపుకుంటాయా?"

"మరే! ఆడవి కూడా వద్దు. ఆడది కనిపిస్తే మగవాటికి మతి ఉండదు."

"చేపలు కూడా అంతేనా?" అంది ఈవిడ భర్త వైపు చూస్తూ. షాపావిడ గలగలా నవ్వింది.

షాపావిడ సలహా ఒకటే. పిల్లచేపల్ని తీసుకెళ్ళమంది. చిన్నప్పటినుంచి కలిసి పెరిగితే కొట్టుకుంటూనే సర్దుకుపోతాయి, ఏళ్ళ తరబడి ఉంటాయి. పెద్ద మగచేపలైతే ఎవడి పొగరు వాడిది, నాలుగు నాళ్ళు బాగుంటే అదే ఎక్కువ. మూలనున్న తొట్టి చూపించింది. అందులో వేలెడేసి పిల్లలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. అన్నీ బూడిదరంగే.

"రంగులేవీ?" అన్నారాయన.

"వస్తాయి మాస్టారూ, తొందరేముంది? ఏడాదికో ఏడాదిన్నరకో మెల్లగా ఎక్కుతాయి."

ఆయన వంగి ఆ బూడిద పిల్లల్నే చూస్తూ ఉండిపోయారు. అద్దం తొట్టి మీద వాలిన ఆ వీపు చూస్తూ, ఎప్పుడూ ప్రతిదానికీ బేరమాడే ఈవిడ వెల కూడా అడక్కుండా, "పెద్దవే ఇచ్చెయ్యమ్మా" అంది.

షాపావిడ వాదించబోయింది. ఈవిడ ఆమెను పక్కకు పిలిచి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. ఆ తర్వాత షాపావిడ వల తీసుకుని తనే ఒక్కోదాన్నీ ఏరింది. ఆరు నిమ్మపండువి, ఒక నీలం పీకాకు, ఒక ఇటికరంగుది, ఒక తేనెరంగుది, గులాబీ మచ్చలది ఒకటి. తొట్టి కొంచెం కిక్కిరిసే ఉండాలంది. తక్కువుంటే అన్నీ కలిసి ఒక్కదాన్నే పట్టుకు కొడతాయట. రాళ్ళు పేర్చి గుహలు కట్టించింది. మేత చిటికెడుకు మించి వేయొద్దని రెండుసార్లు చెప్పింది.

ఆ రెండు నెలలు ఆ ఇంట్లో పండగలా గడిచాయి. ముందుగదికి తూర్పు కిటికీ ఉంది. పొద్దున ఏడింటినుంచి తొమ్మిదింటిదాకా ఎండ తిన్నగా తొట్టిలో పడుతుంది. కొట్లో పని మానేసిన ఆయన కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవారు. చేపలకు పేర్లు పెట్టలేదు, వాటి రంగును బట్టి దారాల నంబర్లు పెట్టారు. "మూడొందల ఆరు మేత దగ్గరికి రానివ్వట్లేదే", "రెండొందల తొంభైకి కడుపుబ్బరంలా ఉంది" అని కేకేసేవారు. లాండ్రీలో పూటపనికి వెళ్ళే ఆవిడ, అక్కడ కూర్చుని బట్టలకు చీటీలు కడుతూ ఈ నంబర్లే నెమరేసుకుని తనలో తను నవ్వుకునేది.

"పెళ్ళై ఇన్నేళ్ళయింది, నా మొహం ఎప్పుడైనా ఇంతసేపు చూశారా?" అని ఒకరోజు నిలదీసింది.

"నీది గట్టి రంగే. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు, తర్వాతైనా చూసుకోవచ్చు" అన్నారాయన. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అదిగో, ఆ సంతోషంలోనే ఆయన చేయకూడని పని చేశారు. ఒకరోజు గొడుగు చాటున ఏదో దాచుకుని ఇంట్లోకి వచ్చారు. గొడుగు ఎందుకా అని చూస్తే బయట వాన లేదు. చాటున నీళ్ళ సంచి, అందులో ఇంకో నీలం చేప. మన షాపావిడ ఇవ్వదని తెలిసి, బస్టాండు వెనక ఇంకెవరి దగ్గరో కొన్నారు.

"ఆవిడ వద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదండీ!"

"ఒకే రంగు వద్దంది. ఇది ఆ రంగు కాదే. సరిగ్గా చూడు, అర షేడు తేడా ఉంది."

ఆవిడ సరిగ్గానే చూసింది. ఆవిడకు నీలమంటే నీలమే. "నాకేం కనిపించట్లేదు."

"నీకు కనిపించదు. చేపలకు కనిపిస్తుంది. వాటికి కళ్ళున్నాయి" అన్నారాయన ధీమాగా. లోకంలో ఇంకెవరైనా అయితే రెండు నీలాలు ఒకటే కదా అని జంకేవారు. ఈయనకు అర షేడంటే ఆమడ దూరం. ఆ అర షేడే ఆ రెండిటి మధ్యా గోడలా నిలుస్తుందని మనస్ఫూర్తిగా నమ్మారు. కొత్తది వేసేముందు రాళ్ళన్నీ మార్చి పేర్చారు కూడా. అలా చేస్తే పాతవాటికి తమ చోటేదో తెలీక కొత్తదాని జోలికి పోవని షాపావిడే ఎప్పుడో చెప్పింది. ఆ మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు, వద్దన్న మాట వదిలేసి.

వారం గొడవ లేకుండా గడిచింది. ఆ తర్వాత పాత నీలం తిరగబడింది. కొత్తదాన్ని ఈ రాయి దగ్గర్నుంచి ఆ రాయికి తరిమింది, తోక చీల్చింది. ఆ గొడవలో అడ్డొచ్చిన తేనెరంగుది నలిగి, ఒక పొద్దున వెల్లకిలా తేలింది. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి పూలకుండీలో పాతిపెట్టి, ఆ పూటా మరుసటి పూటా అన్నం ముట్టలేదు. "నా మూలంగానే పోయింది" అని ఒక్క మాట అన్నారు. ఆవిడ బతిమాలింది, కోప్పడింది, కంచం తీసుకెళ్ళి ఎదురుగా పెట్టింది. రెండు రోజులకు గాని ముద్ద దిగలేదు.

అందుకే, నాలుగు రోజుల తర్వాత కొత్త నీలం రంగు దిగిపోవడం చూసినప్పుడు ఆవిడ హడలిపోయింది. అది పైమూల నీళ్ళ గొట్టం చాటున నక్కి ఉంది. ఒంటి మీద నీలమన్నది లేదు. షాపులో చూసిన పిల్లచేపల్లా తడి బూడిదలా ఉంది. ఇదీ పోతుంది, ఈయన మళ్ళీ తిండి మానేస్తారు అనుకుంది ఆవిడ. అంతకుమించి ఆలోచించలేదు.

"ఏమే," అని పిలిచారాయన కుర్చీలోంచి. గొంతు మామూలుగానే ఉంది. "ఆ మూలది నీలంగానే ఉందా?"

"ఉండక ఏమవుతుందండీ? నిగనిగలాడుతోంది."

"సరిగ్గా చూసి చెప్పు. ఎండ పడుతోందిగా, ఇప్పుడు చూడు."

"చూశాను. పాతదానికన్నా ఇదే బాగుంది."

మర్నాడూ అడిగారు. ఆ మర్నాడూ అడిగారు. ఆయన అడిగినకొద్దీ ఆవిడ ఆ చేపకు ఇంకాస్త నీలం పూసింది. మూడోసారి ఏకంగా, "ఇంత నీలం నేనెక్కడా చూడలేదండీ బాబూ" అంది. ఆయన తలూపారు. ఇక అడగలేదు.

ఆ మర్నాటినుంచి కుర్చీ కిటికీ దగ్గర లేదు. వీధి గుమ్మం దగ్గర వేసుకుని, తొట్టికి వీపు పెట్టి కూర్చున్నారు. మేత వేసే పని ఆవిడకు అప్పజెప్పారు. నంబర్ల కేకలు ఆగిపోయాయి. కొట్లోంచి వచ్చేటప్పుడు యజమాని ఇచ్చిన షేడుకార్డు గోడకు తగిలించి ఉండేది. ఒకరోజు ఆవిడ లాండ్రీనుంచి వచ్చేసరికి దాన్ని నాలుగు మడతలు వేసి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టేశారు. ఆవిడకు అప్పుడు భయమేసింది.

"ఏమైందండీ? నాతో చెప్పకపోతే ఎవరితో చెప్తారు?"

చాలాసేపు ఏమీ లేదు, ఏమీ లేదు అన్నారు. చివరికి వీధి వైపు చూస్తూనే చెప్పారు. ఆ రెండో నీలం తెచ్చింది అందానికి కాదట. రెండు నీలాలకూ అర షేడు తేడా. రోజూ పొద్దున ఎండలో ఆ రెంటినీ చూసుకోవడం, తేడా కనిపించినంతకాలం కళ్ళు ఉన్నట్టు లెక్క. అదీ ఆయన పెట్టుకున్న పరీక్ష. "వారం రోజులు బ్రహ్మాండంగా కనిపించిందే. తర్వాత ఒకటి బూడిదగా కనిపించడం మొదలైంది. ఒకవేళ చేపే వెలిసిందేమోనని ఆశ. అందుకే నిన్నడిగాను. మూడుసార్లు అడిగాను. చేప నీలంగానే ఉంది. పోయింది నా కన్నే. డాక్టరు చెప్పినట్టే మొదలైంది."

ఆవిడ అక్కడే గుమ్మంలో చతికిలబడింది.

"అయ్యో, కాదండీ! నేనే అబద్ధం చెప్పాను. అది బూడిదే! వారం కిందటే వెలిసిపోయింది. మీరు మళ్ళీ అన్నం మానేస్తారని నీలమన్నాను. మీ కళ్ళకు ఏమీ కాలేదు!"

ఆయన తిరిగి చూశారు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. "ఊరుకోవే. నిన్నటిదాకా లోకంలో లేనంత నీలం, ఇవాళ నేను చెప్పేసరికి బూడిదా? నా కోసం చేపకు రంగు మార్చకు."

"మీ మీద ఒట్టు!"

"నా మీద ఒట్టేస్తే నాకు తెలీదా, నన్ను ఊరడించడానికి నువ్వు ఎన్ని ఒట్లయినా వేస్తావని" అని ఆవిడ తల నిమిరారు. ఆవిడ ఆ చెయ్యి విదిలించి కొట్టింది. కొట్టి, ఆ చెయ్యే పట్టుకుని భోరుమంది. చెప్పిన అబద్ధం మూడుసార్లూ నమ్మిన మనిషి, నిజాన్ని ఒక్కసారి నమ్మడు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

పరుగున వెళ్ళి చేపల షాపావిడను లాక్కొచ్చింది. ఆమె తొట్టిలోకి చూడగానే, "ఈ రెండో నీలం ఎవరిచ్చారు? నేను ఇవ్వలేదే!" అని ముందు కేకలేసింది. తర్వాత దగ్గరికి వంగి చూసి, "దెబ్బలు తిని భయానికి రంగు దిగిపోయింది మాస్టారూ, ఓడిపోయిన మగది ఇలాగే అవుతుంది" అని ఆయనతోనే చెప్పింది. ఆయన మర్యాదగా నవ్వి, ఆమె వెళ్ళాక భార్యతో, "ఆవిడకూ పాఠం చెప్పి తీసుకొచ్చావా? పాపం, ఎంత శ్రమ పడుతున్నావే" అన్నారు.

షాపావిడ ఒక దారి చూపింది. చిన్న అద్దం తొట్టి ఒకటి ఇచ్చి, "దెబ్బలు తిన్నదాన్ని ఇందులో వేరు చెయ్యి అక్కా. కొట్టేవాడు కంటికి కనిపించకపోతే భయం పోతుంది, భయం పోతే రంగు దానంతటదే ఎక్కుతుంది. నాలుగు వారాలు ఓపిక పట్టు" అంది. ఆవిడ ఆ మాట పట్టుకుంది. చేప నీలంగా మారాక ఆయన్ని తీసుకొచ్చి నిలబెడుతుంది. బూడిదగా కనిపించినది నీలంగా కనిపిస్తే ఇంక ఎవరి మాటా అక్కర్లేదు. తన కళ్ళను తానే నమ్ముతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గాని, ఆ ఆకులైనా దొరికాయి కదా అనుకుంది.

చిన్న తొట్టిని వంటింటి కిటికీ కింద పెట్టింది. గాలి మోటారు అమర్చింది. మేత చిటికెడు చిటికెడు వేసింది. మొదటివారం అది రాయి కిందనుంచి రాలేదు. రెండోవారం మేతకు పైకి వచ్చింది. మూడోవారం మొప్ప దగ్గర చిన్న నీలం మరక కనిపిస్తే ఆవిడ గరిటె వదిలేసి చప్పట్లు కొట్టింది. కుర్చీలోని మనిషి ఏమిటని కూడా అడగలేదు. "ఒక్కసారి వచ్చి చూడండి" అని రోజూ పిలిచేది. "చూసి ఏం చేస్తానే" అని రోజూ అనేవారు. చేపకు రంగు ఎక్కేలోపు ఈయనకు దిగిపోతుందేమోనని ఆవిడ లోపల లోపల వణికేది. తొందరగా ఎక్కవే తల్లీ అని ఆ మగచేపను బతిమాలేది.

ఒకరోజు స్నానానికి వెళుతూ ఆయన, "ఆ బూడిదరంగు తువ్వాలు ఇటివ్వు" అన్నారు. తీగ మీద ఉన్నది ఒకటే తువ్వాలు, అది నీలం. ఆవిడ తీసి ఇచ్చింది. గుమ్మంలో చీకటిగా ఉందిలే, సరిగ్గా చూసి ఉండరులే అని తనకు తానే చెప్పుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదోవారంలో చేప పూర్తిగా తేరుకుంది. ఆవిడ పొద్దున కిటికీ తలుపులు తీసేసరికి ఎండ పడి, తల నుంచి తోక దాకా మండుతున్నట్టు నీలంగా ఉంది. చీలిన తోక కూడా అతుక్కుంది. షేడు నంబర్లు తెలియని ఆవిడకు కూడా అంత నీలం ఇంకెక్కడా లేదని తెలిసింది. ఇప్పుడే పిలుస్తాను, ఈ పళ్ళెం కడిగి పిలుస్తాను అనుకుంటూ ఉండగానే, వెనకనుంచి అడుగుల చప్పుడైంది. ఆయనే వచ్చారు, మంచినీళ్ళ కోసం. గ్లాసు ముంచుకుని, తాగుతూ, తొట్టి వైపు చూసి ఆగిపోయారు. గ్లాసు కింద పెట్టారు. ముక్కు అద్దానికి ఆనేంత వంగారు.

ఏమీ అనకూడదు, ఈసారి ఒక్క మాట కూడా సాయం అందించకూడదు అని ఆవిడ పెదవి కొరుక్కుంది.

"నువ్వు చెప్పింది నిజమేనే," అన్నారాయన మెల్లగా.

"ఏది?"

"ఇది బూడిదే. తలకాయ నుంచి తోక దాకా ఎక్కడా చుక్క నీలం లేదు పాపం. చేపే వెలిసిపోయింది. నా కళ్ళు కాదు." ఆయన నిటారుగా లేచారు. మొహం విప్పారింది. "నిన్నెన్ని మాటలన్నాను! ఒట్టేసినా నమ్మలేదు కదే!"

ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే ఉంది. నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి. అద్దంలో ఆ చేప ఎండకు ఎదురొచ్చి, ఒళ్ళంతా విచ్చుకుని, ఇటునుంచి అటు తిరిగింది.

ఆయన అప్పటికే ముందుగదిలోకి నడిచారు, ఐదువారాల తర్వాత మొదటిసారి పెద్ద తొట్టి ముందుకు. ఆవిడ వెంట వెళ్ళింది. ఆపాలనుకుంది, ఎలా ఆపాలో తెలీలేదు. రాళ్ళ మధ్యనుంచి పాత నీలం రొమ్ము విరుచుకుని వచ్చింది. దానికి ఎదురే లేదు, రంగు ఇంకా పెరిగింది. ఆయన దాన్ని ఎగాదిగా చూశారు. ఒక్క క్షణం ఆయన నుదురు ముడిపడింది.

"అరే, ఇదీ దిగిపోయిందే! జోడు పోయిందని బెంగపెట్టుకుందేమో." నవ్వబోయి, ఆగి, భార్య వైపు తిరిగారు. "అవునా? నువ్వు చూసి చెప్పు. ఇకనుంచి నీ మాటే నా మాట. నువ్వు నిజం చెప్తే నమ్మక ఐదు వారాలు ఆ గుమ్మంలో పడి ఉన్నాను. ఇది కూడా వెలిసిందే కదూ?"

ఎండ తిన్నగా తొట్టిలో పడుతోంది. ఆవిడ చేపను చూసింది, ఆయన మొహం చూసింది.

"అవునండీ," అంది. "రెండూ వెలిసిపోయాయి."

"మళ్ళీ ఎక్కుతుందంటావా?"

"ఎక్కుతుందటండీ. కొన్నాళ్ళు పడుతుందట."

"పడనీ, నాకు తొందరేముంది" అని ఆయన గుమ్మం దగ్గరి కుర్చీ ఎత్తి తెచ్చి, కిటికీ పక్కన వేసుకుని, రంగు ఎక్కడం చూడ్డానికి కూర్చున్నారు.